పాప 74 అంది, నేను 51 అన్నాను. ఎవరి లెక్క నమ్మాలి?

ప్రశ్న: మా పాపకి 9 ఏళ్లు. గ్లైకోజెన్ స్టోరేజ్ డిసీజ్ టైప్ 1ఎ, అంటే లివర్‌లో దాచుకున్న చక్కెరని అవసరమైనప్పుడు రక్తంలోకి వదలలేని, పుట్టుకతో వచ్చే జబ్బు. ఐదో నెలలో షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చినప్పుడు బయటపడింది. అప్పటి నుంచి గడియారం చూసుకుంటూ బతుకుతున్నాం. పగలు నాలుగు గంటలకోసారి, రాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ, షుగర్ పడిపోకుండా పచ్చి కార్న్‌స్టార్చ్ నీళ్లలో కలిపి తాగిస్తున్నాం. రిపోర్టులు ఈమధ్య బాగానే ఉంటున్నాయి. పోయిన చెకప్‌లో జీవన నాణ్యత కొలుస్తామని పాపకి ఒక ప్రశ్నాపత్రం, పాప గురించి నింపమని నాకొకటి ఇచ్చారు. 23 ప్రశ్నలు. వందకి పాప లెక్కలో 74 వచ్చింది, నా లెక్కలో 51. విడివిడిగా చూస్తే శరీరం గురించి పాపది 81, నాది 63. మనసు గురించి పాపది 85, నాది 30. తోటి పిల్లలతో ఎలా ఉందన్నదానికి పాపది 45, నాది 50. స్కూలు పాపది 80, నాది 55. డాక్టరుగారు 'రెండూ పనికొస్తాయి' అని ఫైల్లో పెట్టేశారు. ఇంటికొచ్చినప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. పాప నా కోసం బాగున్నట్టు నటిస్తోందా? లేక నేనే దాన్ని లేనిపోని జబ్బుమనిషిని చేస్తున్నానా? వచ్చేసారి పక్కన కూర్చుని సరిగ్గా నింపేలా చెప్పనా? ఇలా తక్కువ మార్కు వస్తే రేపు 'ఈ పిల్లకి ఇంత వైద్యం ఎందుకు' అంటారేమోనని కూడా భయంగా ఉంది. అసలు పిల్ల బతుకుని అంకెల్లో ఎలా కొలుస్తారండీ?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివి ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. పాప తన గురించి చెప్పిందే పాప జీవితం గురించిన అసలు జవాబు, దాన్ని నమ్మండి. మీరు నింపింది కూడా నిజమే, కాకపోతే అందులో పాప జీవితంతో పాటు మీ జీవితం కూడా కలిసిపోయి ఉంది. వచ్చేసారి పక్కన కూర్చుని చెప్పొద్దు, దయచేసి. ఇంకో మాట. మీరు 74కీ 51కీ మధ్య తేడా చూసి ఇన్ని రోజులు బాధపడ్డారు, కానీ ఆ కాగితం మీద నన్ను ఆపేసిన అంకె వేరే ఉంది. తోటి పిల్లల దగ్గర పాప వేసుకున్న 45. దాని గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా అడగలేదు.

మెటబాలిక్ జబ్బులున్న, అంటే తిన్నదాన్ని ఒళ్లు సరిగ్గా వాడుకోలేని జబ్బులున్న పిల్లల చేత ఇలాంటి ప్రశ్నాపత్రాలు నింపించే పని నేను చాలా ఏళ్లు చేశాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి, అంటే 23 ప్రశ్నలు, నాలుగు భాగాలు, పిల్లలకీ పెద్దలకీ విడివిడి కాగితాలు, అది పెడ్స్‌క్యూఎల్ అయి ఉంటుంది. అమెరికాలో జేమ్స్ వార్నీ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు తయారుచేశారు. మొదటిది 1999లో వచ్చింది, ఈ 23 ప్రశ్నల రూపం 2001లో. 'గత నెల రోజుల్లో ఫలానాది నీకు ఎంత తరచుగా ఇబ్బంది అయింది' అని అడుగుతారు. ఎప్పుడూ లేదంటే 100, దాదాపు లేదంటే 75, అప్పుడప్పుడు అంటే 50, తరచుగా అంటే 25, దాదాపు ఎప్పుడూ ఉంటుందంటే సున్నా. అన్నీ కలిపి సగటు తీస్తే అదే స్కోరు. అంటే 74 అనేది పరీక్షలో వచ్చే మార్కు లాంటిది కాదు, పాప ఎంత సంతోషంగా ఉందో చెప్పే అంకె కూడా కాదు, ఎందుకంటే ఆ కాగితంలో సంతోషం గురించిన ప్రశ్నే లేదు. ఇబ్బందులు ఎంత తక్కువగా ఎదురవుతున్నాయో మాత్రమే అది చెబుతుంది. పాపకి ఏది ఇష్టం, దేనికి పగలబడి నవ్వుతుంది, ఎవరి కోసం ఎదురుచూస్తుంది అన్నవి మీకు తెలుసు, ఆ కాగితానికి తెలియవు.

మరి అంకెల్లో ఎలా కొలుస్తారు అన్నారు. జీవన నాణ్యత అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అర్థం ఏమిటంటే, మనిషి తను పెరిగిన పద్ధతుల మధ్య, తన ఆశలు, లక్ష్యాలు, ఆందోళనలతో పోల్చుకుంటూ తన జీవితాన్ని తను ఎలా చూసుకుంటున్నాడు అన్నది. తను చూసుకునేది అన్న మాటే ఇక్కడ కీలకం. రక్తంలో లాక్టేట్ అనే పదార్థం ఎంతుందో పాపని అడిగి తెలుసుకోలేం, మిషనే చెప్పాలి. స్కూల్లో ఒంటరిగా అనిపిస్తోందా అన్నది ఏ మిషనూ చెప్పలేదు, పాపే చెప్పాలి. అందుకే 5 ఏళ్లు నిండిన పిల్లల దగ్గర నుంచి వాళ్ల చేతే చెప్పించే కాగితం ఉంది. 5 నుంచి 7 ఏళ్ల వాళ్లకి నవ్వు ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు చూపించి అడుగుతారు, మీ పాప వయసుకి అయిదు మాటల్లో ఒకటి ఎంచుకోమంటారు. 5 లోపు పిల్లలకి మాత్రం తల్లిదండ్రులు చెప్పిందే ఆధారం. పిల్లలకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని, వయసుకి తగ్గట్టు దానికి విలువ ఇవ్వాలని 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలోనే రాసుకున్నారు. తొమ్మిదేళ్ల పిల్ల తన జీవితం గురించి చెప్పగలదు. బాగా చెప్పగలదు.

ఇక మీ ఇద్దరి మధ్య తేడా. ఎక్కడ ఎక్కువుందో చూడండి: మనసు గురించి పాప 85, మీరు 30. ఇది చూసి నేను ఆశ్చర్యపోలేదు. ఇన్నేళ్ల పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించిన సంగతి ఒకటుంది. కంటికి కనిపించేవాటిలో, అంటే నడవగలగడం, పరిగెత్తగలగడం, స్కూలు మానేయడం లాంటివాటిలో, తల్లిదండ్రుల మాట పిల్లల మాటకి దగ్గరగా ఉంటుంది. లోపల ఉండేవాటిలో, భయం, దిగులు, కోపం లాంటివాటిలో, దూరం పెరుగుతుంది. పైగా దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లల విషయంలో తల్లిదండ్రులు తరచుగా పిల్లల కంటే తక్కువే వేస్తారు. మీరొక్కరే ఇలా నింపారనుకోకండి.

ఎందుకలా అంటే, పాపకి ఇంకో జీవితం తెలియదు. ఊహ తెలిసినప్పటి నుంచీ కార్న్‌స్టార్చ్ తాగుతూనే ఉంది. మీకు జబ్బు లేని పిల్లల బతుకు ఎలా ఉంటుందో తెలుసు, మీరు మీ పాపని చూసినప్పుడల్లా పక్కన ఆ ఇంకో పాప కూడా కనిపిస్తూనే ఉంటుంది, జబ్బే లేకపోతే ఎలా ఉండేదో అన్న పాప. మీ పాపకి ఆ ఇంకో పాపతో పరిచయం లేదు. ఇది నటన కాదమ్మా, అలవాటు పడటం కూడా కాదు, పుట్టిన దగ్గర నుంచీ అదే తన ఇల్లు. పెద్దవాళ్లలో కూడా ఇలాంటిదే కనిపించింది: 1999లో ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ అనే ఇద్దరు పరిశోధకులు తీవ్రమైన వైకల్యాలున్న పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడితే, బయటివాళ్లు అయ్యో అనుకునే ఆ మనుషుల్లో సగం మందికి పైగా తమ జీవితం బాగుందనో చాలా బాగుందనో చెప్పారు.

ఆ భాగంలో 'తనకి ఏమవుతుందోనని దిగులు పడుతుందా' అనే అర్థం వచ్చే ప్రశ్న ఒకటి ఉంటుంది. మీరు దానికి ఏం పెట్టారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దాదాపు ఎప్పుడూ అని పెట్టారేమో. ఆ దిగులు ఎవరిది? రాత్రి అలారం మోగగానే లేచి, చెమట పట్టిందేమోనని మెడ మీద చెయ్యి పెట్టి చూసేది మీరు. ఆ సమయానికి పాప నిద్రలో ఉంటుంది, సగం కళ్లు తెరిచి గ్లాసు తాగి మళ్లీ పడుకుంటుంది. అలారం మోగకపోతే, మోగినా మెలకువ రాకపోతే అన్న భయంతో పడుకునేది మీరు. పాప గురించి అడిగిన ప్రశ్నకి ఈ భయం జవాబు చెప్పింది, చెప్పకుండా ఎలా ఉంటుంది? అందుకే ఆ 30ని కొట్టిపారేయొద్దంటాను. అది పెద్ద సమాచారం. కాకపోతే అది ఎక్కువగా మీ గురించి.

అలా అని మీరు చూసిందంతా మీ టెన్షనే అనటం లేదు. శరీరం దగ్గర, స్కూలు దగ్గర కూడా మీ అంకెలు తక్కువున్నాయి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక పాప ఎంత డీలా పడిపోతోందో, హోంవర్క్ మధ్యలో ఎన్నిసార్లు తల వాలుస్తోందో మీరు చూసి ఉంటారు, తొమ్మిదేళ్ల పిల్లకి నెల రోజుల కిందటి అలసట గుర్తుండదు, నిన్న ఆడుకున్నది గుర్తుంటుంది. అలాంటివి నిజంగా చూసి ఉంటే అవి విడిగా రాసి డాక్టరుకి ఇవ్వండి, ఏ రోజు, ఏ టైముకి, చివరి డోసు అయ్యి ఎంతసేపైంది అన్నది కూడా. షుగర్ పడిపోయే ముందు వచ్చే నీరసమా, మామూలు అలసటా అన్నది దాంతో తేలుతుంది. '55' అన్న అంకెతో తేలదు.

పాప మీ కోసం దాచిందా అన్నదానికి కూడా ఒక్క మాట. పిల్లలు దాస్తారు. అమ్మ ఏడుస్తుందని తెలిస్తే ఇంకా దాస్తారు. నేను పనిలో చేరిన కొత్తలో పదేళ్ల బాబుకి తల్లి ఎదురుగానే ప్రశ్నలు చదివి వినిపించాను. ప్రతి జవాబుకీ ముందు వాడు తల్లి ముఖం చూశాడు. నేను చూసి కూడా ఆపలేదు, నింపేసి పంపేశాను. ఆర్నెల్ల తర్వాత ఒక్కణ్నే కూర్చోబెట్టి అడిగితే రెండు ప్రశ్నలకే ఏడ్చాడు. ఆ మొదటి కాగితం చేతిలోకి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే అడుగుతున్నాను, మీ పాప ఎక్కడ కూర్చుని నింపింది? ఎవరు చదివి వినిపించారు? రక్తం తీయక ముందా, తీశాకా? తనకి బాగా వచ్చిన భాషలోనే ఉందా, లేక ఎవరైనా అప్పటికప్పుడు మార్చి చెప్పారా? నోటితో మార్చి చెప్పేటప్పుడు 'తరచుగా', 'అప్పుడప్పుడు' ఒకటే అయిపోతాయి, అందుకే ఏ భాషలోకి తెచ్చినా మళ్లీ వెనక్కి అనువదించి సరిచూసి, కొంతమంది పిల్లల చేత చదివించి వాళ్లకి ఏం అర్థమైందో అడిగాకే వాడాలన్నది పద్ధతి. వచ్చేసారి మీరు వేరే గదిలో మీ కాగితం నింపండి, పాపది పాప నింపుకుంటుంది. చదవడంలో సాయం కావాలంటే క్లినిక్ వాళ్లు చేస్తారు. ఇంటికొచ్చాక 'ఇది ఎందుకు పెట్టావు' అని నిలదీయొద్దు. అలా ఒక్కసారి అడిగితే చాలు, ఆ తర్వాత వచ్చే ప్రతి కాగితమూ మీకు నచ్చేలా నింపేస్తుంది.

ఇప్పుడు 45. మొత్తం స్కోరు చూస్తే ఇది కనపడదు, ఎందుకో చెప్తాను. 23 ప్రశ్నల్లో 8 శరీరం గురించే, అంటే మూడో వంతుకి పైగా. మనసుకి 5, తోటివాళ్లకి 5, స్కూలుకి 5. బాగా నడిచి, పరిగెత్తి, స్నానం తనే చేసుకునే పిల్లకి శరీరం భాగమే మొత్తాన్ని పైకి లాగేస్తుంది, పక్కన ఒక్క స్నేహితురాలు లేకపోయినా 74 వచ్చేస్తుంది. మీ పాప మిగతా మూడింట్లోనూ తనకి తాను 80కి తగ్గకుండా వేసుకుంది. ఊరికే తక్కువ వేసుకునే పిల్ల కాదు. అలాంటి పిల్ల ఒక్క చోట 45 వేసుకుంది, పైగా నాలుగు భాగాల్లోనూ మీకంటే తక్కువ వేసింది ఇక్కడొక్కచోటే. నాకు మాత్రం పాప ఆ కాగితం మీద చెయ్యెత్తి చూపిస్తున్నట్టే ఉంది. నటిస్తోందా అని అడిగారు కదా, నటించే పిల్ల ఇక్కడ కూడా 85 వేసుకునేది.

ఆ అయిదు ప్రశ్నలూ వేరు వేరు సంగతులు. తోటి పిల్లలతో పడుతోందా, వాళ్లు తనతో స్నేహం వద్దంటున్నారా, ఎగతాళి చేస్తున్నారా, వాళ్లు చేసేవి తను చేయలేకపోతోందా, ఆటలో వాళ్లతో సమానంగా ఉండగలుగుతోందా. క్లినిక్‌కి ఫోన్ చేసి ఆ కాగితం కాపీ అడగండి, ఏ ప్రశ్నకి ఏం పెట్టిందో చూడాలి. పాప నింపింది మీకు చూపించొచ్చా అని వాళ్లు పాపని అడిగితే అది మంచి పద్ధతే, తప్పుగా అనుకోకండి. ఈ జబ్బులో లివర్ పెద్దదై పొట్ట ముందుకి వస్తుంది, బుగ్గలు గుండ్రంగా ఉంటాయి, ఎత్తు తక్కువగా ఉండొచ్చు, ముక్కు నుంచి రక్తం తేలిగ్గా వస్తుంది. క్లాసు మధ్యలో సీసా తీసి తెల్లటి నీళ్లు తాగాలి. ఇవన్నీ తోటి పిల్లల కంట్లో పడేవే. ఎగతాళి ప్రశ్నకి తక్కువ పెట్టి ఉంటే టీచరుతో మాట్లాడాలి. ఆటలో సమానంగా ఉండలేకపోవడానికి తక్కువ పెట్టి ఉంటే డాక్టరుతో మాట్లాడాలి, ఆటకి ముందు డోసు టైము సర్దడం కుదురుతుందేమో. వాళ్లు చేసేవి చేయలేకపోవడం అంటే స్నేహితురాలి ఇంట్లో రాత్రి ఉండలేకపోవడమో, అందరూ తినే తీపి తను తినకూడదని పక్కకి జరగడమో కావచ్చు. మూడింటికీ మందు వేరు, స్కోరు మాత్రం ఒకటే 45.

పాపతో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. ఏదో పని చేసుకుంటూనో, పక్కపక్కన నడుస్తూనో అడగండి. 'నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా' అంటే లేదనే చెప్తుంది. 'నిన్న ఇంటర్వెల్‌లో ఏం చేశావు, పక్కన ఎవరున్నారు' అని అడగండి, విని ఊరుకోండి, ఆ రోజే సలహా ఇవ్వొద్దు. ఒక వారంలో మీకు బొమ్మ మొత్తం కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆ ప్రశ్నాపత్రం పిల్లలందరికీ పనికొచ్చేలా రాసింది. దాని వల్ల జబ్బు లేని పిల్లలతో పోల్చి చూడగలం, అది లాభం. నష్టం ఏమిటంటే మీ ఇంట్లో రోజంతా నడిచే విషయం ఒక్కటీ అందులో లేదు. గడియారం లేదు, కార్న్‌స్టార్చ్ రుచి లేదు, రాత్రి లేవడం గురించి లేదు, పండ్ల తీపి, పాల తీపి కూడా లెక్కేసుకుని తినాల్సి రావడం గురించీ లేదు. కొన్ని మెటబాలిక్ జబ్బులకి సొంత ప్రశ్నాపత్రాలు వచ్చాయి. ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని ఒళ్లు విరగ్గొట్టలేని ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బుకి పీకేయూ-క్యూఓఎల్ అని 2015లో ప్రచురించారు. డైట్ తప్పినప్పుడు తప్పుచేసినట్టు అనిపిస్తుందా, రక్తపరీక్ష రిజల్టు గురించి ఎంత ఆందోళన అని అందులో విడిగా అడుగుతారు, అది రాసినవాళ్లు ఆ ఇళ్లలో మాట్లాడి రాశారని చదివితేనే తెలుస్తుంది. యూరియా సైకిల్ జబ్బులు, ఆర్గానిక్ యాసిడ్ జబ్బులు లాంటి, విషపదార్థాలు ఒంట్లో పేరుకుపోయే రకాలకి మెటాబ్‌క్యూఓఎల్ అని 2017లో వచ్చింది, 8 నుంచి 18 ఏళ్ల వాళ్లకి. మీ పాప జబ్బు ఆ కోవలోకి రాదు. ప్రతి జబ్బుకీ విడిగా ఒకటి చేయడం ఎందుకు కష్టమంటే, ప్రశ్నలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి చాలామంది పిల్లలు కావాలి. మీ పాపది లాంటి గ్లైకోజెన్ టైప్ 1 సుమారు లక్ష మందిలో ఒకరికి వస్తుంది. ఆ కొద్దిమందిలో మళ్లీ వయసులు వేరు, భాషలు వేరు.

అందుకని మీకు నేను చెప్పేది, పాప కోసం ఒక సొంత కొలత పెట్టుకోండి. దీనికి గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ అని పేరు. కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు 1968లో మానసిక వైద్యం కోసం మొదలుపెట్టారు, ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్నారు, మనిషి మనిషికీ కష్టం వేరుగా ఉండే అరుదైన జబ్బులకి ఇది బాగా నప్పుతుంది. పాప మాటల్లోంచే ఒక్క విషయం తీసుకోండి, ఇంటర్వెల్‌లో ఒంటరిగా కూర్చోవడం అనుకుందాం. ఇప్పుడున్న స్థితి, అంటే రోజూ క్లాసులోనే కూర్చుంటోంది అన్నది మైనస్ 2. వారంలో ఒక రోజు బయటికి వెళ్తే మైనస్ 1. మూడు రోజులు ఎవరో ఒకరితో ఆడుకుంటే సున్నా, మనం అనుకున్నది అదే. దాదాపు రోజూ ఆడుకుంటే ప్లస్ 1. తనే ఇంకొకరిని ఆటకి పిలిస్తే ప్లస్ 2. ఏం చేస్తే అక్కడికి వెళ్తుందో కూడా పాపనే అడగండి, క్లాసులో సీసా తాగే చోటు మారిస్తే చాలంటుందేమో, ఎవరికి తెలుసు. మూడు నెలల తర్వాత చూడండి. ఇందులో పోల్చుకునేది నిన్నటి పాపతోనే.

పెడ్స్‌క్యూఎల్ మళ్లీ నింపించినా చిన్న చిన్న తేడాలకి కంగారు పడకండి. పిల్లల గుంపులని పోల్చేటప్పుడు మొత్తం స్కోరులో సుమారు 4.5 పాయింట్ల తేడా ఉంటే లెక్కలోకి తీసుకోదగ్గదని దాన్ని తయారుచేసినవాళ్లే అంచనా వేశారు. ఒక్క పిల్ల విషయంలో ఇంకాస్త ఓపిక పట్టాలి, జలుబు చేసిన వారం నింపితే పడిపోతుంది, సెలవుల్లో నింపితే పెరుగుతుంది. నాలుగు భాగాలూ విడిగా చూడండి, మొత్తం ఆఖర్న చూడండి.

తక్కువ మార్కు వస్తే వైద్యం ఆపేస్తారా అన్న భయం గురించి. ఈ కాగితం వేసే ఉద్దేశం అది కాదు, మందులూ రిపోర్టులూ చూసే పది నిమిషాల్లో బయటికి రాని మాటలని బయటికి తేవడానికి వేస్తారు, లేదా పరిశోధన కోసం. ఏ చికిత్సకి ఎంత ఖర్చు పెట్టవచ్చో తేల్చే లెక్కలు వేరే ఉన్నాయి, వాటికి ఈక్యూ-5డి-వై లాంటి వేరే ప్రశ్నాపత్రాలు వాడతారు, అవి కూడా చాలామంది జవాబులు కలిపి చూసేవే. అయినా మీకు అనుమానంగా ఉంటే అడగండి: ఈ కాగితం ఎక్కడికి వెళ్తుంది, ఎవరు చూస్తారు, పేరుతో ఉంటుందా లేకుండానా? అడిగే హక్కు మీకుంది. పరిశోధన కోసమైతే వద్దనే హక్కు కూడా ఉంది, మీకూ పాపకీ. కానీ ఆ భయంతో మాత్రం వచ్చేసారి మార్కులు పెంచి నింపొద్దు. పెంచి నింపితే మీకు సాయం అవసరం లేదని రాసిచ్చినట్టే.

ఇప్పుడు మీ సంగతి. పాప కాగితం మీద మీ బాధ రాయాల్సి వచ్చిందంటే, మీ బాధ రాసుకోవడానికి మీకంటూ ఒక కాగితం ఎవరూ ఇవ్వలేదని అర్థం. అలాంటిది ఉంది. ఇదే పెడ్స్‌క్యూఎల్ వాళ్లదే, కుటుంబం మీద జబ్బు ప్రభావం కొలిచే 36 ప్రశ్నల భాగం. తల్లిదండ్రుల అలసట, దిగులు, మతిమరుపు, ఎవరికీ చెప్పుకోలేకపోవడం, ఇంట్లో మాటామాటా అనుకోవడం, అన్నీ అడుగుతారు. వచ్చే చెకప్‌లో అది ఇమ్మని అడగండి, పాప నాన్నగారు కూడా విడిగా నింపాలి. అలాగే రాత్రుల గురించి డాక్టరుతో గట్టిగా మాట్లాడండి. మామూలు దానికంటే నిదానంగా అరిగేలా తయారుచేసిన కార్న్‌స్టార్చ్ ఉంది, కొంతమంది పిల్లలకి రాత్రి మధ్యలో లేపే అవసరం తగ్గుతుంది, అందరికీ పడదు, డాక్టరు దగ్గరుండి షుగర్ చూసుకుంటూ పరీక్షించాకే మొదలుపెట్టాలి. షుగర్‌ని ఆగకుండా చూస్తూ పడిపోతుంటే మోగే సెన్సర్లు కూడా ఈ జబ్బులో వాడుతున్నారు. మీ అంతట మీరు ఒక్క డోసు టైము కూడా మార్చొద్దు. కానీ 'నాకు నిద్ర లేదు, ఈ పద్ధతి ఇలా ఎన్నేళ్లు' అన్న మాట డాక్టరు ముందు పెట్టడానికి మొహమాటపడొద్దు. రాత్రి డ్యూటీ వారంలో కొన్ని రోజులైనా ఇంకొకరు తీసుకోవాలి, నేర్పించడానికి రెండు మూడు రాత్రులు పడుతుంది, పట్టనివ్వండి.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లలో మాట రాని పిల్లల అమ్మానాన్నలు కూడా ఉంటారు. కొన్ని మెటబాలిక్ జబ్బులు మెదడు మీదికి వెళ్తాయి, అలాంటి పిల్లలకి 'పాపనే అడగండి' అన్న సలహా గుండెల్లో గుచ్చుకుంటుంది. వాళ్ల కోసం ఆస్ట్రేలియాలో క్యూఐ-డిసెబిలిటీ అని ఒకటి తయారుచేశారు, తల్లిదండ్రులే నింపుతారు, ఆరుబయట గడపడం ఎంత ఇష్టపడుతోంది, మనుషుల వైపు ఎలా చూస్తోంది, ఆనందంగా ఉన్నప్పుడు ఎలా తెలుస్తోంది అన్నవి అడుగుతారు. మంచి రోజు ఎలా ఉంటుందో కూడా అడిగే కాగితం అది, మీ క్లినిక్‌లో దాని గురించి అడిగి చూడండి.

మీకు ఈ వారం పని ఒక్కటే. ఆ కాగితం కాపీ తెప్పించుకుని తోటి పిల్లల భాగంలో అయిదు జవాబులూ చూడండి. ఏది తక్కువుందో, ఇంటర్వెల్ గురించి పాప ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి, టీచరు దగ్గరికి ఏం మాటలతో వెళ్లాలో అప్పుడు కలిసి చూద్దాం.